తెల్లరాయికి ఆనించిన చెవి

అరబ్బుదేశపు రేవు షువైఖ్‌లోని పాలరాయి గోదాములో పెంచలయ్య ఏ పలకనూ దాని ఊరిపేరు చూసి నమ్మడు. ఎర్రగుంట్ల దగ్గర కడపబండల గనుల్లో పెరిగిన మనిషి. ముందు వేలి కణుపుతో తట్టి చెవి ఆనిస్తాడు. తర్వాత నీళ్లు చల్లి, పగులుంటే అందులో తడి నిలుస్తుందని, ఏ గీత చివరగా ఆరుతుందో చూస్తూ గొంతుక్కూర్చుంటాడు. ఆ ఉదయం వచ్చిన పలక పాలమీగడలా మెరిసింది. "ఇటలీలో కరారా అనే ఊరిది పెంచలన్నా. రోము రాజుల కాలం నుంచి ఆ ఊరు కొండను కోసుకొనే బతుకుతాండాది," అన్నాడు క్రేన్ నడిపే అన్వర్ బాషా. "రెండువేల ఏండ్లు కోస్తే కొండ ఇంగా మిగుల్తాదా? మా గని ముప్పై ఏండ్లకే గుంతయి నీళ్లు పట్టె," అన్నాడు పెంచలయ్య. పలకంతా ఆరినా బూడిదరంగు గీత ఒకటి తడిగానే ఉంది. "అది రాతి నరంలే, అందానికే ఉంటాది," అన్నాడు బాషా. పోయినేడు ఇలాంటి గీత దగ్గరే పలక విరిగి ఒకతని పాదం నలిగింది. నరమో పగులో తేలక, పలకను కింద పట్టుకోవలసిన ఇద్దరినీ పెంచలయ్య గోడ అవతలికి తరిమాడు. పలక గాల్లోకి లేచి, మబ్బుతునకలా ఊగి, చెక్కుచెదరకుండా దిగింది. "చూస్తివా, పగల్లేదు గదా," అని నవ్వాడు బాషా. పెంచలయ్య ఆ గీతను మెల్లగా నిమిరాడు. "కింద మనుషులు లేరని చూసుకొనిందిలే."