మా చెల్లెలు పిక్క

పలాసలో మా మనవడి ఇంటి వెనక జీడిపిక్కలు కాల్చే బట్టీ ఒకటి ఉంది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా కాలిన తొక్కల కమురు వాసనా, దాని అడుగున ఎక్కడో దాక్కున్న వేగిన పప్పు కమ్మదనమూ కలిసి వరండాలో నా కుర్చీ దాకా వస్తాయి. ఇంట్లోవాళ్ళు గబగబా కిటికీలు మూస్తారు, నేను వెళ్ళి తెరుస్తాను. మొన్న అలాగే కిటికీలు బిగించుకుని, కొత్తగా పుట్టిన నా మునిమనవరాలికి పేరు కోసం అచ్చుపుస్తకం ముందేసుకు కూర్చున్నారు. వాళ్ళు ఏరిన పేరు పలకడానికి నాకు మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. ఆ మాటే అంటే, “మరి మీ చెల్లి పేరులాంటిది పెడితే జనం నవ్వరా తాతా?” అన్నాడు మనవడు.

నవ్వుతారట! నా చెల్లెలి పేరు పిక్క. మా ఉద్దానంలో గింజని పిక్క అంటాం. కాలి పిక్క అనుకునే దూరప్రాంతాలవాళ్ళు ముందు నవ్వేసి, తరువాత చదవండి. నేను బడి గుమ్మం తొక్కినవాణ్ణి కాను. పూండి బజారులో బెల్లం కట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి. ఆ కాగితాల్లోనే ఒకసారి ఎవరో పెద్దమనిషి మా వైపు ఆడవాళ్ళవి మొరటు పేర్లని రాస్తే చదివాను. ఆ మంట ఈనాటికీ చల్లారలేదు. ఆ పేర్ల వెనక ఎంత భయం ఉందో, ఎంత ప్రేమ ఉందో ఆయనకేం తెలుసు?

మా ఇల్లు పూండికి తూర్పున, సముద్రం హోరు వినబడేంత దగ్గరలో, కొబ్బరిచెట్ల మధ్య ఉండేది. రైలు మా వైపు వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. వేసవి వస్తే ఎర్రవీ పసుపువీ జీడిపళ్ళు ఇసుకలో రాలి, ఎండకి పులిసి, తోటంతా కల్లుకుండలా వాసన వేసేది. ఆ పళ్ళు పీల్చి గొంతు గరగరలాడుతున్నా, రసం కారి బట్టలు మరకలై అమ్మ చేత తన్నులు తింటున్నా మానేవాళ్ళం కాదు. పిక్కల్ని వరసగా పేర్చి, లావాటి పిక్కతో గురిచూసి కొట్టి గెలుచుకునేవాళ్ళం. గెలిచినవాటిని తోటలోనే చితుకుల మంట మీద కాల్చి, రాతితో చితక్కొట్టి, మూతులు నల్లగా చేసుకుని తినేవాళ్ళం. మా నాయనమ్మ నిప్పున్న కొస నోట్లోకి పెట్టి అడ్డచుట్ట కాలుస్తూ, అది తీయకుండానే అందర్నీ తిట్టగలిగేది.

నా తరువాత అమ్మకి పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. అలాంటి వేసవిలోనే మా చెల్లెలు పుట్టి, నిలిచింది. నిలిచిన మరుక్షణమే నాయనమ్మ తీర్పు చెప్పేసింది: చాటలో తవుడు పోసి, పిల్లని దానిమీద పడుకోబెట్టి, పక్కింటామెకి ఇచ్చేసి, తిరిగి తవుడిచ్చే కొనుక్కోవాలి, తవిటమ్మ అని పేరు పెట్టాలి. తవుడుకి అమ్ముడుపోయిన సరుకుని యముడు ఆశపడడని ఆవిడ నమ్మకం. దానికి రుజువు సొంత కూతురే. ముందు పుట్టినవాళ్ళంతా పోతే, ఆ పిల్లని పెంటకుప్ప మీద పడుకోబెట్టి పెంటమ్మ అని పిలిచింది. ఆ పెంటమ్మత్త అప్పటికి హరిశ్చంద్రపురంలో దూలంలా కాపురం చేసుకుంటోంది.

ఉయ్యాల వేసే రోజున అత్తా మావయ్యా రైల్లో దిగారు. మేనకోడలి చెవిలో పేరు చెప్పే హక్కు అత్తది. ఇంట్లో పొంగడాలు వేగుతుంటే మావయ్య మీసం మెలేస్తూ తోటలోకి వెళ్ళాడు. వేపిన పప్పు తప్ప పచ్చి పిక్క ఎరగని మనిషి, వద్దన్నకొద్దీ, “పాముల్ని పట్టినోణ్ణి, పిక్కకి బెదురుతానేటి?” అని పంటి కింద వేసి కొరికాడు. తొక్కలోని ఒళ్ళు కాల్చే జీడి తగిలి, తిరిగొచ్చేసరికి పెదవి పొంగి, మీసం ముక్కులోకి ఎక్కేసింది. కొబ్బరినూనె రాసి గోడవార కూర్చోబెట్టారు.

“కానీయే పెంటమ్మా, తవిటమ్మని సెవిలో సెప్పు,” అంది నాయనమ్మ.

అత్తగారి ముందు ఏనాడూ నోరెత్తని మా అమ్మ, ఉయ్యాల తాడు పట్టుకుని నిలబడి, “ఆ పేరొద్దత్తా,” అంది. “పిలిసినప్పుడల్లా నాకు పోయినోళ్ళే గురుతొత్తారు.”

“సోకైన పేరెట్టినాక పిల్ల పోతే ఏటి సేత్తావే? నీ ఆడబిడ్డనే అడుగు. అది బతికింది ఆ పేరుతోనే కాదేటి?”

అందరూ అత్త వైపు తిరిగారు. అమ్మ ఉయ్యాల తాడు వదల్లేదు.

“బతికించినావమ్మా, కాదన్ను,” అంది అత్త మెల్లగా. “గాని ఆ పేరుతో బతుకుతున్నది నాను. ఎవులు పిలిసినా మా తోటికోడళ్ళు ముక్కు మూసుకుంతారు.”

నాయనమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. ఆవిడ మాట్లాడటానికి చుట్ట తీయడం నేను మొదటిసారి చూశాను. “అయితే మరేటి పేరెడతావు? లచ్చిమనెట్టి ఊరోళ్ళ కళ్ళన్నీ పడనిత్తావా?”

అత్త చూపు అటూ ఇటూ తిరిగి మావయ్య మూతి మీద ఆగింది. నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

“పిక్క,” అంది. “పిక్కని ఎవుడు ఆశపడతాడమ్మా? మట్టి రంగులో, వంకరగా, ఇసకలో పడుంటాది. ఆశపడి కొరికినోడి గతి ఇదిగో, ఇక్కడ కూకున్నాది. యముడొచ్చినా మీ అల్లుడి మూతితోనే ఎల్తాడు.”

పొంగడాలు వేస్తున్నవాళ్ళు కూడా గరిటెలు వదిలేసి నవ్వారు. మావయ్య ఏదో అనబోయాడు కాని, పెదవి సహకరించక ఊఁ ఊఁ అని మాత్రం వినబడింది.

“లోపల పప్పు తియ్యగుంటాదత్తా,” అంది అమ్మ, వినీ వినబడనట్టు.

నాయనమ్మ కోడల్ని ఎగాదిగా చూసింది. “ఇయ్యేలే నోరొచ్చినాది నీకు!” అని చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది. అదే ఒప్పుకోలు. తవుడు మాత్రం మానలేదు. చాటలో పడుకోబెట్టి అమ్మడమూ కొనడమూ అయ్యాకే అత్త చెవిలో ఆ పేరు చెప్పింది. ఆ సాయంత్రం అమ్మ పని ఉన్నా లేకపోయినా ఉయ్యాల దగ్గరికి వెళ్ళి “పిక్కా, పిక్కా” అనుకుంటూనే ఉంది. అమ్మ పాటలా మాట్లాడగా నేను విన్నది ఆ వేసవిలోనే.

ఇప్పుడు ఆ నాయనమ్మా లేదు, అమ్మా లేదు, అత్తా, మావయ్య మీసమూ లేవు. మా మనవడి పిల్లలు పప్పుని పొట్లంలో తప్ప చూడలేదు, పిక్కలాట ఎలా ఆడతారో ఎరగరు. పిక్క మాత్రం ఉంది, ఈ ఇంట్లోనే, పళ్ళూడిపోయి, బోసినోటితో పప్పు చప్పరిస్తూ. అందరికీ ఆమె అత్తో మామ్మో అయిపోయింది. ఆ పేరు పెట్టి పిలిచే నోరు నాదొక్కటే మిగిలింది.

అందుకే పని లేకపోయినా రోజూ కుర్చీలోంచి “పిక్కా!” అని కేకేస్తాను.

“ఏటన్నా?” అంటుంది లోపల్నుంచి. “ఎందుకలగ ఊరికే పిలుత్తావు?”

“ఏటీ లేదే. పలుకుతావో లేదో అని.”