బావ మోకాలికి నేను నాటిన తాటిచెట్టు

మంచుకొండలు కూడా చేయలేని పని నేను చేయబోయాను. ఒక్క కాగితంతో మా బావ పింఛనుకు నిలువునా గొయ్యి తవ్వాను. ఎలాగో చెప్తాను. నవ్వండి, కానీ మా అక్కకు వినపడేలా నవ్వకండి.

బావ మిలటరీలో ఉండగా, గస్తీలో మంచు మీద జారి మోకాలు చితికింది. రిటైరై అశ్వారావుపేట వచ్చాక వికలాంగ పింఛనుకు పెట్టుకుంటే, దెబ్బ నౌకరీలోనే తగిలిందని చూపే ఆసుపత్రి కాగితం లేదని తిప్పి పంపారు. ఆ కాగితం తెప్పించాడు. ఇక అప్పీలు రాయాలి. చదువు నన్ను ఏడో తరగతిలోనే వదిలేసింది గానీ, ఊళ్లో అర్జీలు రాయడంలో మొనగాణ్ని నేనే.

"జరిగింది జరిగినట్టు నాలుగు ముక్కలు రాయి, చాలు" అన్నాడు బావ.

"గట్ల రాస్తే ఎవడు చదువుతడు బావా? చదివినోడు ఏడ్వాలె!"

'పన్నెండో ఏట తాటిచెట్టు మీంచి పడి మోకాలు పగిలినా, చుక్క కన్నీరు కార్చక, కుంటుతూనే వెళ్లి మిలటరీలో చేరిన ధీరుడు' అని ఒక వాక్యం తగిలించాను. పాయసంలో జీడిపప్పు వేసినంత మురిసిపోయాను. పాపం బావ, చదవకుండానే సంతకం పెట్టేశాడు.

ఇద్దరం ఖమ్మం వెళితే, ఆ కాగితాలు చూసి పైకి పంపే ఆఫీసరు ఆ వాక్యం దగ్గర ఆగాడు.

"అంటే మోకాలు మిలటరీకి ముందే పగిలిందా? ఇది పైకి పోతే, పాత దెబ్బకు మేమెందుకియ్యాలె అంటరు. కేసు ఖతం!"

బావ నా వైపు తిరిగాడు. ఆ చూపుకు తుపాకీ లైసెన్సు కావాలి.

"జర అందం కోసం రాసిన సార్" అని నసిగాను.

"అందమేందయ్యా? ఇదేమన్న పెండ్లి పత్రికా? తాటిచెట్టు ఉత్తదేనా?"

"చెట్టు నిజమే సార్" అన్నాడు బావ. "పడ్డది నేను కాదు, ఈడు. నా బామ్మర్ది. తగిలింది మోకాలికి కాదు, తలకు."

ఆఫీసరు కళ్లద్దాలు సర్దుకుని నా తలను తీరిగ్గా పరీక్షించాడు.

"నువ్వు మిలటరీల చేసినవా?"

"లేదు సార్."

"అయితే ఈ తలకు పింఛను రాదు. నౌకరీతో సంబంధం లేని దెబ్బ!"

ఆఫీసంతా గొల్లుమంది. ఆయన నా అర్జీ చింపేసి, బావ చేత నాలుగే ముక్కలు రాయించాడు: చేరేనాటికి మోకాళ్లు రెండూ బాగున్నాయి, గస్తీలో జారాను, ఒకటి చితికింది, ఆసుపత్రి కాగితం ఇదిగో. ఆ నాలుగు ముక్కలకే పింఛను వచ్చింది.

అదే తల మీద, దెబ్బ తగిలిన చోటే చెయ్యి పెట్టుకుని ఒట్టేశాను: నా చెట్టు మీంచి ఇక నేనే పడతాను, ఇంకెవర్నీ పడెయ్యను.