పెన్సిల్ చుక్కలు

మిరపకోతలకు వెళ్ళిన పిల్లల పేర్ల పక్కన ఆ హెడ్మిస్ట్రెస్ గారు ఆబ్సెంట్ వేసేవారు కాదు, పెన్సిల్‌తో చుక్క పెట్టేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో గుంటూరు మున్సిపల్ బడులను తనిఖీ చేసే ఉద్యోగం నాది. పిల్లలు తగ్గిన బడిని ఇంకో బడిలో కలిపేస్తున్న రోజులవి.

"ఈ చుక్కలేంటండీ?" అని కసిరాను.

"కోతలయ్యాక వస్తారు సార్. పేరు కొట్టేశామని తెలిస్తే మాత్రం ఇక రారు."

కొట్టేశాను. రూలు ప్రకారం, ఎర్రసిరాతో. ఆ రిజిస్టరు చూసి పైవాళ్ళు బడి మూసేసి, రైలు గేటు అవతలి బడిలో కలిపారు.

జూన్‌లో బడులు తెరిచిన రోజు అటుగా వెళ్ళాను. తాళం వేసిన గేటు ముందు, అప్పటికే బదిలీ అయిన ఆవిడ నిలబడి ఉన్నారు, చుట్టూ పిల్లలు.

"అందరూ వచ్చారు సార్!" అన్నారు నన్ను చూడగానే, నాకేదో మంచి కబురు చెబుతున్నట్టు.