చేతిలో ఊడిన తీగ

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం ఊరుకోను. మా చెల్లి స్వప్న మీద ఒట్టు, ఇది జరిగింది. చెల్పూర్‌లో, మా ఇంట్లోనే.

స్వప్న నర్సింగ్ సీటుకు ఏ కాలేజీ ముందో వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టే గడువు ఆ రాత్రి పన్నెండుకు ముగుస్తుంది. తప్పితే పిల్లకు ఏడాది పోయినట్టే. పగలంతా ఆ సైటు తెరుచుకోలేదు. తీరా రాత్రి తొమ్మిదింటికి మా ఇంట్లో నెట్ పోయింది. మా దగ్గర ఫోన్‌లో మాట వినిపిస్తుంది గానీ, నెట్ రాదు.

పదకొండు దాటినా రాకపోయేసరికి కేబుల్ అతనికి ఫోన్ చేశాను.

"లైన్ మంచిగనే ఉన్నది అక్కా. నీ కంప్యూటర్‌ల విండోస్ బదులు లినక్స్ ఉన్నది గద? గదే ఖరాబ్. విండోస్ ఏపిచ్చుకో."

"నెట్ డబ్బా మీద ఎర్ర లైటు కొట్టుకుంటున్నది తమ్మీ. గది గూడ లినక్స్ తప్పేనా?"

"పొద్దుగాల చూద్దాం తియ్ అక్కా," అని పెట్టేశాడు. ఒళ్లు మండిపోయింది. ఏ రోగానికైనా వీళ్ల దగ్గర ఒకటే మందు!

తప్పు నా కంప్యూటర్‌ది కాదని తేల్చి అతని ముఖాన కొట్టాలని ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచాను. పింగ్ కొట్టాను. అవతల ఎవరైనా ఉన్నారా అని పిలిచి చూడడమే అది. మా డబ్బా పలికింది. బయట... ఎవరూ పలకలేదు. చూశారా, తప్పు లైనుదే! బయటికి వెళ్లే పిలుపును ఆపకుండా వదిలేసి, డబ్బా వెనక బయటి లైను వచ్చే పసుప్పచ్చ తీగను ఊడదీశాను. తుడిచి మళ్లీ పెడదామని.

టిక్... తీగ చేతిలోకి వచ్చింది.

అప్పుడు... తెర మీద ఒక వరుస కదిలింది. జవాబు.

ఇంకొకటి... ఇంకొకటి... సెకనుకొకటి. బయటి నుంచే. తీగేమో నా వేళ్ల మధ్య ఉంది.

పారిపోదామనుకున్నాను. గడియారం చూస్తే పదకొండు నలభై. నేను భయపడుతూ కూర్చుంటే పిల్ల గతేం కాను? తీగ కింద పెట్టే ధైర్యం లేదు. ఎడమచేత్తో అలాగే పట్టుకుని, కుడిచేత్తో సైటు తెరిచాను. వెంటనే తెరుచుకుంది. మొదట వరంగల్, తర్వాత కరీంనగర్. సేవ్ కొట్టాను. ఆప్షన్లు అందాయని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది.

జవాబులు ఆగిపోయాయి...

తెల్లారి కేబుల్ అతను వచ్చాడు. "బొగ్గు లారీ తాకి మూల మీద వైరు తెగింది అక్కా. రాత్రి తొమ్మిది సంది గట్లనే పడి ఉన్నదట."

"మరి మంచిగున్నదని ఎట్ల చెప్పినవ్? నేను ఆప్షన్లు ఎట్ల పెట్టిన?"

"నాకేం ఎరుక? ఫోన్ నెట్‌తోని పెట్టినవ్ కావచ్చు."

అంటే నేను అబద్ధాలకోరునా! అతని తప్పు మాత్రం ఒప్పుకోడు! లైను అతికించగానే, అతనికి చూపిద్దామని ఆప్షన్ల ప్రింటు తీశాను. అన్నిటికంటే పైన మహబూబాబాద్ ఉంది. నేను ఆ కాలేజీ పెట్టనే లేదు. సాయం చేస్తే చేసింది, మా పిల్ల చదువు నిర్ణయించడానికి అదెవరు అని అరిచాను.

స్వప్న ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుంది.

"నా మనసుల గదే ఉండె అక్కా. నువ్వు తిడ్తవని ఎవ్వలకు చెప్పలే."

సీటు అక్కడే వచ్చింది. అక్కడే చదువుతోంది. బాగానే ఉంది. కానీ సొంత అక్కను, నాకే చెప్పని మాట... అది ఎవరికి వినపడింది?