పడవ దగ్గర పదకొండు జతల చెప్పులు

తెలంగాణ వచ్చిన కొత్తలో మా వైపు వాళ్లకు లైన్ అంటే రెండే తెలుసు. ఒకటి రేషన్ దుకాణం, రెండోది యూరియా. ఈ రెండో లైన్‌కు ఒక పద్ధతి ఉండేది (ఇప్పటికీ అక్కడక్కడా ఉంది). రైతు పొద్దున్నే వచ్చి ఎరువుల దుకాణం ముందు తన చెప్పులు విడిచి, నీడ చూసుకుని కూర్చునేవాడు. ఆయన జాగాలో ఆయన చెప్పులు నిలబడేవి. లైన్ కదిలితే వెనకవాడు వాటిని కాలితో ముందుకు జరిపేవాడే తప్ప పక్కకు నెట్టేవాడు కాదు. పొలం గట్టు కోసం తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములు కూడా చెప్పుల లైన్‌లో మాత్రం ధర్మం తప్పేవాళ్లు కాదు. ఇంత గొప్ప న్యాయం లోకమంతటా చెల్లుతుందని నేను నమ్మాను. అప్పటికి నేను డిగ్రీ చదివి, కల్వకుర్తిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్నాను. అయినా నమ్మాను.

ఆ నమ్మకం వల్ల జరిగిన సంగతి మా అత్తగారింట్లో ఇన్నేళ్లుగా వేరే రకంగా చెప్పుకుంటున్నారు. వాళ్లు చెప్పుకునే దాంట్లో నవ్వులపాలైన మనిషి మా చిన్నాయన. చెప్పి నవ్వించేవాణ్ణి నేను. అసలు జరిగింది వేరు.

నాకు పెళ్లయి అప్పటికి మూడు నెలలు. అత్తగారిది నారాయణపేట, చీరలు నేసే ఇల్లు. బామ్మర్దిది పట్నంలో ఆఫీసు ఉద్యోగం. ఎండాకాలం సెలవుల్లో ఆయనే అందరినీ పట్నం బయట ఉన్న పార్కుకు తీసుకుపోదామని బండి మాట్లాడి, "మీ తరఫు పెద్దల్ని కూడా తీసుకురాన్రి బావా" అన్నాడు. మా తరఫు పెద్ద అంటే చిన్నాయనే. మా బాపు పోయాక నన్ను సాకి, చదివించి, పెళ్లి పీటల మీద తండ్రి జాగాలో కూర్చున్నది ఆయనే. దేవరకొండ పక్క పల్లెలో గొర్ల మంద ఆయన లోకం. పట్నం పోయినప్పుడల్లా బస్సు కిటికీలోంచి ఆ పార్కులో చెట్ల పైకి లేచి మాయమయ్యే పెద్ద ఊగుడు పడవను చూసేవాడు. "మన దిక్కు నీళ్లు లేక చెరువులు నెర్రెలిచ్చె. గీళ్లేమో నీళ్లు లేకుంటనే పడవ నడిపిస్తున్నరు. ఒక్కపారి ఎక్కి చూడాలె బిడ్డా" అనేవాడు. నేను పిలిచిన రోజు మందను పక్కింటాయనకు అప్పజెప్పి, తెల్ల ధోవతి ఉతికించుకుని వచ్చాడు. ఆయన తన కోసం ఏదైనా కావాలని నోరు తెరిచి అడగడం నాకు తెలిసి అదొక్కటే.

పార్కు లోపలికి పోయాక తెలిసింది, పట్నం వాళ్లు కూడా మా కంటే తక్కువేం కాదని. ప్రతి ఆటకూ లైనే. పడవ దగ్గర లైనైతే ఇనుప కడ్డీల మధ్య పాములా ఏడు మెలికలు తిరిగి ఉంది. మేం పదకొండు మందిమి. నెత్తి మీద ఎండ. గంట నిలబడితే రెండు మెలికలు దాటాం. మా అత్త చీర కొంగు నెత్తిన వేసుకుని, "మగ్గం గుంతల కూసున్నా ఇంత నడుము నొయ్యదు" అంది. బామ్మర్ది పిల్లలు ఏడుపు అందుకున్నారు. అత్తగారి వాళ్ల ముందు తెలివి చూపించే అవకాశం కొత్త అల్లుడికి అంతకంటే ఏం దొరుకుతుంది?

"చెప్పులు పెట్టి పోదాం" అన్నాను. పిల్లల ఏడుపుల్లో ఆ మాట ఎవరిదో పక్కనే ఉన్న నా భార్యకు, చిన్నాయనకు తప్ప ఎవరికీ తెలియలేదు.

ఇది నేనన్న మాట. చిన్నాయన అన్నది కాదు. ఆయన ఇంకా, "ఈడ నడుస్తదారా గిది? జర అడుగు ఎవర్నన్న" అన్నాడు కూడా. "లైన్ అంటే లైనే చిన్నాయనా, యాడైనా ఒకటే" అని నేనే ఆయన నోరు మూయించాను. అయితే చెప్పులు వరుసగా పేర్చేటప్పుడు వంగడానికి నా కొత్త ప్యాంటు ఒప్పుకోలేదు. ఆ పని ఆయన చేశాడు. గొర్రెపిల్లల్ని కొట్టంలోకి తోలినంత ఓపికగా పదకొండు జతలూ ముక్కులు పడవ వైపు పెట్టి నిలబెట్టాడు. మిగతా వాళ్లు అప్పటికే నీడకు పరుగెత్తారు, అక్కణ్ణుంచి తిరిగి చూస్తే వాళ్లకు కనబడింది పేర్చిన మనిషే. (నా అదృష్టమో, దురదృష్టమో.) ఉడికే సిమెంటు మీద ఒంటికాలి గంతులేసుకుంటూ మేమిద్దరం కూడా పోయి పులిహోర మూట విప్పాం.

మూట సగం కాకముందే పార్కంతా మైకు మోగింది. "పడవ దగ్గర పదకొండు జతల చెప్పులు వదిలేసి పోయినవారు వచ్చి తీసుకుపోవలెను." రెండోసారి కూడా మోగింది. చుట్టుపక్కల వాళ్లంతా మా కాళ్లు చూడడం మొదలుపెట్టారు. మేం కాళ్లు ముడుచుకుని చీరల కింద, కండువాల కింద దాచుకున్నాం. చివరికి లేచి పోక తప్పలేదు. చెప్పులన్నీ చెత్తడబ్బా పక్కన కుప్పగా ఉన్నాయి. కుప్ప ముందు కాపలాదారు, చేతిలో చీపురు.

"ఎవరు పెట్టిన్రు? గుడి అనుకున్నరా ఇది?"

లైన్లో ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. బామ్మర్ది ముఖం ఎర్రబడింది. "మా ఆఫీసోళ్లు ఎవరన్న చూసిన్రో, ఇగ నేను రాజీనామా ఇచ్చుడే" అని గొణిగాడు. నా భార్య నా వైపు చూసింది. నేను పడవ వైపు చూశాను. లెక్కల సారును, అల్లుణ్ణి, మూడు నెలల కింద ఈ ఇంటివాళ్లు కాళ్లు కడిగిన మనిషిని. అంతలో చిన్నాయన ముందుకు వచ్చి, "నేనే పెట్టిన సారు. ఊరోణ్ణి, తెల్వలె" అన్నాడు.

మళ్లీ లైన్ చివరికి పోయాం. పొద్దుగూకే వేళకు మా వంతు వచ్చింది, ఎక్కేముందు చెప్పులు కింద విడవమన్నారు. చిన్నాయన మాత్రం కడ్డీ అవతల కూలబడి, "మీరు పోన్రి. చెప్పులు పేర్సింది నేనే కదా, కాపలా కూడ నేనే ఉంట" అన్నాడు. రమ్మని నేను ఒక్కసారి అన్నాను. రెండోసారి అంటే వచ్చేవాడేమో. అనలేదు. మేం దిగేసరికి ఆ రోజుకు పడవను ఆపేశారు.

ఆ తర్వాత నేను చేసింది ఇంకా పెద్ద తప్పు. పండక్కో పబ్బానికో అత్తగారింట్లో అందరూ చేరితే ఈ కథ చెప్పమని నన్నే అడిగేవాళ్లు, నేను చెప్పేవాణ్ణి. ఏటేటా దానికి తోకలు తగిలించాను. ఆయన కాపలాదారుతో యూరియా ఎప్పుడొస్తదని అడిగినట్టు కూడా చెప్పాను (అడగలేదు). ఆయనకు 'చెప్పుల పెద్దమనిషి' అని పేరు పడింది. మా బిడ్డ పుట్టువెంట్రుకలకు ఆయన వస్తే, వాకిట్లో కుర్రాళ్లు చెప్పులన్నీ బారుగా పేర్చి, "లైన్ తయారున్నది తాతా, చూసుకోన్రి" అన్నారు. ఆయనా నవ్వాడు. ఆ తర్వాత నారాయణపేట నుంచి ఏ పిలుపు పోయినా గొర్లకు జబ్బు చేసేది.

మొన్న బామ్మర్ది ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేశాడు. చిన్నాయన రాలేదు. భోజనాల దగ్గర ఎవరో కథ ఎత్తుకోగానే నేను లేచి, "ఆ చెప్పులు పెట్టమన్నది నేను. చిన్నాయన వద్దన్నడు. తప్పు మీదేసుకుని నన్ను కాపాడిండు" అన్నాను. అందరూ తినడం ఆపారు. మా అత్త కళ్లు తుడుచుకుంది. "చూసిన్రా, సాకినాయన మీద మాట పడనిస్తలేడు. గిసొంటి అల్లుడు యాడ దొరుకుతడు" అంది. నేను ఒట్టేశాను. ఎంత ఒట్టేస్తే అంత మంచివాణ్ణయ్యాను. మామ తన చేత్తో నా విస్తట్లో ఇంకో భక్ష్యం వేసి, నెయ్యి పోశాడు. తిన్నాను కూడా. నా భార్య ఒక్కతే నవ్వలేదు, ఏడవలేదు, కిందికి చూస్తూ తింది. (ఆమెకు అంతా తెలుసు. ఇన్నేళ్లూ నేనే చెబుతానని చూసిందట.)

మర్నాడే దేవరకొండ పోయాను. చిన్నాయన మంద పక్కన కూర్చుని కుంటి గొర్రె గిట్టలో ముల్లు తీస్తున్నాడు. జరిగింది చెప్పాను.

"నమ్మిన్రా?"

"నమ్మలే."

"ఎట్ల నమ్ముతరు బిడ్డా. నువ్వు చెప్పుడు అంత బాగుండె" అన్నాడు, ముల్లు పైకెత్తి ఎండలో చూస్తూ. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని చాలాసేపు ఆయన ముఖం చూశాను. కనబడలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. మళ్లీ ఆ పార్కుకు మనమిద్దరమే పోదాం, ఈసారి నీతోపాటు నేను నిలబడతాను అన్నాను. మోకాళ్లు ఒప్పుకోవన్నాడు. గొర్రెను వదిలి, చేతులు దులుపుకుని, ఇన్నేళ్లలో ఎవరూ అడగని మాట అడిగాడు. "అది సరేగని, పైకి పోయినప్పుడు ఎట్లుండెరా? ఏం కనబడె?"

పట్నం మొత్తం కనబడిందని అందరికీ చెప్పిన నోరు నాది. ఆయనకు చెప్పబోతే రాలేదు.

"ఏం కనబడలే చిన్నాయనా. భయమై, ఎక్కింది మొదలు దిగేదాక కండ్లు మూసుకున్న."

దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆ ఒక్క నిజాన్ని మాత్రం ఒట్టు అడగకుండానే నమ్మాడు. పడవలో కడ్డీ పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, దిగగానే మీసం సవరించుకున్న ఆ కొత్త అల్లుణ్ణి తలుచుకుని నేనూ నవ్వాను, ఆయన నవ్వినంత సేపు నవ్వలేకపోయినా.