పలకల షెడ్డు, అన్న వీపు

మార్కాపురంలో మా వీధి చివర ఒక పెద్ద రేకుల షెడ్డు ఉండేది. దాన్ని నేనెప్పుడూ నమ్మలేదు. పలకల వ్యాపారి ఒకాయన రాయి కోయించి, పలకలు దొంతులు పెట్టించుకోవడానికి కట్టించాడట. కొన్నాళ్లకు సగం షెడ్డులో ఎర్రమన్ను పోయించి, నూనె, మజ్జిగ కలిపి తొక్కించి, కుస్తీ గోదా చేయించాడు. ఎండా వానా తగలకుండా కూర్చుని కుస్తీ చూసే చోటు ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదు. నాటకాల వాళ్లు వస్తే అక్కడే ఆడేవారు, తాలూకా అధికారులు వస్తే అక్కడే సభ. కుస్తీలు లేనప్పుడు గోదా మీద కూడా పలకలు పేర్చేసేవారు. ఒక్క చూరు కింద ఇన్ని జరుగుతున్నాయంటే ఏదో ఒకటి మోసమేనని నా గట్టి నమ్మకం. కుస్తీలకు ఆడవాళ్లను రానిచ్చేవారు కాదు, నాటకాలకు నాయన పంపేవాడు కాదు. చూడలేదు కాబట్టి ఇంకా అనుమానంగా ఉండేది.

మా అన్న ఆ గోదాలో కుస్తీ పట్టేవాడు. నాయనకు వాడే లోకం. రెండు బర్రెల పాలూ వాడికే, మాకు మజ్జిగ. తాను చూస్తే దిష్టి తగులుతుందని నాయన మాత్రం కుస్తీలకు పోయేవాడు కాదు. అమ్మ లేదు కాబట్టి, గోదా నుంచి వచ్చిన అన్నకు వేడినీళ్లు పోసి వీపు రుద్దడం నా పని. గెలిచినా ఓడినా ఆ వీపు నిండా గీతలే. ఎర్రమన్ను చర్మంలోకి దిగిపోయి ఒక పట్టాన వదిలేది కాదు.

గిద్దలూరు వస్తాదుతో కుస్తీ ఖాయమైనప్పుడే నాకు ఏదో తేడా కొట్టింది. ఆ వస్తాదు, అన్న బాగా స్నేహితులు. ముందురోజు మా అరుగు మీద కూర్చుని ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. మరునాడు అన్న ఓడి వచ్చాడు. నీళ్లు పోయడానికి చెంబు ఎత్తి ఆగిపోయాను. వీపు మీద ఒక్క గీత లేదు. ముగ్గు పిండి అద్దినట్టు రెండు భుజాల మీదా బూడిదరంగు పొడి ఉంది, అంతే.

"అన్నా, నువ్వు పడినావా, పండుకున్నావా?" అన్నాను.

"ఏంది నీ మాట?"

"వీపు చూస్తే తెలుస్తాంది గదా."

అన్న నా చేతిలో చెంబు లాక్కుని తానే నీళ్లు పోసుకున్నాడు. ఆ పొడి ఏమిటని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. నేను అడగలేదు. నేరుగా నాయన దగ్గరకు పోయి, అన్న కావాలనే ఓడినాడని చెప్పాను. నాయన ఇంకెవరినీ అడగలేదు, పరువు పోతుందనుకున్నాడు. "రేపటి నుంచి వానికి గూడా మజ్జిగే పొయ్యి," అన్నాడు. ఆ తర్వాత అన్నతో మాట్లాడలేదు. నెల తిరక్కముందే అన్న పెద్దారవీడులో మేనమామ గొర్రెల దగ్గరికి వెళ్లిపోయాడు.

మూడేళ్లకు యుద్ధం రోజుల్లో సర్కారు ఆ షెడ్డులో కంట్రోలు జొన్నలు పంచింది. నేను లోపల అడుగు పెట్టింది అప్పుడే. వరుసలో నిలబడి ఉండగా నా ముందే మా వీధి హమాలీ ఒకడు కాలు జారి, మూటతో సహా వెల్లకిలా పడ్డాడు. లేచి అటు తిరిగాడు. వీపు మీద ఒక్క గీత లేదు. రెండు భుజాల మీదా బూడిదరంగు పొడి.

వరుస వదిలి అతని దగ్గరకు పోయాను.

"ఈ నేల ఇట్ల జారుతాదేంది అన్నా?" అని అడిగాను.

"ఇది పాత గోదా గదమ్మా. పలకలు ఎత్తేస్తే కింద అంతా రాతిపొడే. గిద్దలూరు వస్తాదు వచ్చిన రోజు మన్ను తొక్కించకుండానే ఆడించినారు. మీ అన్న కాలు జారింది అందుకే గదా," అన్నాడు.

జొన్నలు తీసుకోకుండానే బయటికొచ్చాను. మరునాడే బండి కట్టించుకుని పెద్దారవీడు పోయాను. అన్న గొర్రెకు బొచ్చు కత్తిరిస్తున్నాడు. తప్పు నాదేనని ఏడుస్తూ చెప్పాను. కత్తెర ఆపలేదు.

"నాకు తెలిసిందే నాకు చెప్తావేందమ్మా. నాయనకు చెప్పు," అన్నాడు.

వచ్చి నాయనకు చెప్పాను. రాతిపొడి సంగతి, హమాలీ వీపు సంగతి, అంతా చెప్పాను. నాయన చివరిదాకా విన్నాడు.

"అప్పుడు ఒక వీపు చూసి చెప్పినావు. ఇప్పుడు ఇంకో వీపు చూసి చెప్తాండావు."

"నన్ను నమ్మకుంటే ఆ హమాలీనే అడుగు నాయనా."

"నువ్వే చెప్పించి ఉంటావు. అన్న మీద ప్రేమతో," అని కండువా భుజాన వేసుకుని చేనికి పోయాడు.

నా ఒక్క మాట నమ్మి కొడుకును దూరం చేసుకున్న మనిషి, కన్నుమూసేదాకా నా రెండో మాట నమ్మలేదు.