మా మామ కట్టిన కూటమి

ఆ రోజుల్లో చేతికి మైకు వస్తే చాలు, దేశాన్ని నేనే నడిపిస్తున్నాననిపించేది. డిగ్రీ పూర్తిచేసి, ఆర్మూర్‌లో పెళ్లిళ్లకూ దుకాణాల ప్రారంభాలకూ యాంకరింగ్ చేస్తున్న కాలం అది. (ప్రతి పెళ్లికొడుకునూ 'యువకెరటం' అనేదాన్ని. ఒకాయనకు మనవలున్నారని తర్వాత తెలిసింది.) అప్పుడే మా మేనమామ మస్కట్ నుంచి వచ్చేసి, పసుపు పండిస్తూ, ఒక చిన్న జాతీయవాద పార్టీకి మా దగ్గర అధ్యక్షుడయ్యాడు. అలాంటివే ఇంకో రెండు ఉండేవి. ఒకదానికి వేల్పూర్‌లో రిటైరైన టీచరు, అందరికీ ఆయన 'సార్'. మరోదానికి కమ్మర్‌పల్లి మీసాల పటేల్. దేశమంటే ముగ్గురికీ ప్రాణమే కానీ, ఒకరి సభకు ఇంకొకరు పోయేవారు కాదు. ఎన్నికలు దగ్గరపడ్డాక ఓట్లు చీలకూడదని మా ఇంట్లో కూర్చుని, చాయ్ తాగి, కూటమి కట్టారు. "దేశం ముందట, మనం ఎన్క" అని మామ అంటే మిగతా ఇద్దరి కళ్లూ చెమర్చాయి. నావి కూడా.

పసుపు మార్కెట్ దగ్గర సభ. పంట అమ్ముకోవడానికొచ్చిన రైతులంతా నిలబడి చూస్తున్నారు. "మామా, అభ్యర్థి పేరు చెప్పు" అనడిగితే, "అందరికి ఎర్కే బిడ్డా. నువ్వు ఉమ్మడి అభ్యర్థి అని పిలువు, జర సస్పెన్స్ ఉండాలె" అన్నాడు. సరేనని గొంతు సవరించుకుని, "ఈ గడ్డ ముద్దుబిడ్డ, మన ఉమ్మడి అభ్యర్థి ముందుకు రావాలి!" అని అరిచాను.

ముగ్గురూ లేచారు.

డప్పులవాళ్లు ఒక్క దెబ్బ కొట్టి ఆగిపోయారు. "గదేంది సార్, మీరు లేసిర్రు?" అన్నాడు మామ, నిజంగానే అదిరిపోయి. "మనం ఎన్క అని నువ్వే అంటివి గద? నువ్వు జరుగుతవనుకున్న" అన్నారు సార్, అంతకన్నా అదిరిపోయి. "ఇద్దరు కూసోండ్రి, దండ నాకు" అన్నాడు పటేల్. ఇదంతా నా చేతిలోని మైకులోంచి మార్కెట్ మొత్తానికీ వినిపిస్తోంది. (ఆపెయ్యాలని తోస్తే కదా!) ముందు నిలబడ్డ ఒక పెద్దమనిషి, "మీకు మీకే పొసగకపోతె మేము ఎవలికెయ్యాలె?" అన్నాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా అని అలవాటుకొద్దీ, "అందరూ భోజనం చేసి వెళ్లాలని మనవి" అనేశాను. భోజనాలెక్కడివి? జనం కాసేపు వెతికారు, తర్వాత తిట్టారు.

కూటమి అక్కడితో సరి. కానీ వచ్చింది ముగ్గురూ మామ కారులోనే. ఆ ఇద్దరినీ దింపడానికి మామే బయల్దేరాడు. నేనూ ఎక్కాను. వేల్పూర్‌లో సార్ దిగుతుంటే మామ ఉండబట్టలేక, "బీపీ గోలి ఏస్కోండ్రి సార్" అన్నాడు. ఎన్నికల్లో ముగ్గురూ విడివిడిగా నిలబడి, ముగ్గురూ డిపాజిట్లు పోగొట్టుకున్నారు. మామ తన ఓట్ల గురించి ఒక్క మాటా అనలేదు. "సార్‌కు ఓట్లు గన్నేనా?" అని రెండు పూటలు అన్నం సరిగ్గా తినలేదు.

ఇప్పటికీ ఎప్పుడైనా మైకు పట్టుకుంటే ఆనాటి నేను, ఆ పిల్ల, కళ్లముందు కనబడుతుంది. గుడ్లప్పగించి, ఎక్కడ కూలబడాలో తెలియక నిలబడిపోయింది పాపం. వెనకే మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయని చూసుకోనే లేదు.